తాటాకు కట్ట

శనివారం రాత్రి.

అమ్మ వచ్చి మూడు వారాలైనా ఇల్లు కదల్లేదు. ఇవాళ కాలిఫోర్నియాలోని శాన్ మరీనోలో హంటింగ్టన్‌కి తీసుకెళ్ళాను. లైబ్రరీ, బొమ్మల గదులు, తోటలు అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. ఎండ ఎక్కక ముందే తోటలు చూద్దామని మొదట ఎడారి తోటలోకి వెళ్ళాం. అక్కడ రెండు వేల రకాలకు పైగా ముళ్ళ మొక్కలూ, కలబంద జాతులూ ఉన్నాయి. 1907 నుంచి పెంచుతున్నారట. అమ్మ ఒక్కోదాని దగ్గరా ఆగి, "ఇది మన చేలగట్ల మీద నాగజెముడే కదే!" అని సంబరపడింది.

బొమ్మల గదుల్లో ఎక్కువసేపు ఉండలేదు. గెయిన్స్‌బరో గీసిన నీలం బట్టల కుర్రాడి ముందు మాత్రం కాసేపు నిలబడ్డాం. రైళ్ళ వ్యాపారి హెన్రీ హంటింగ్టన్ దాన్ని 1921లో కొన్నాడు. లండన్ వదిలి వెళ్ళిపోతోందని తెలిసి, వేలమంది వచ్చి చూసి వీడ్కోలు చెప్పారట.

అమ్మ కాళ్ళు ఆగిపోయింది లైబ్రరీలో. అద్దం కింద చాసర్ అనే ఇంగ్లీషు కవి రాసిన కాంటర్‌బరీ కథల రాతప్రతి. దూడ తోలు మీద చేత్తో రాసింది, అంచుల్లో గుర్రాలెక్కిన యాత్రికుల బొమ్మలు. 1400 తర్వాత కొద్ది ఏళ్ళలో రాసిందని చెప్పి, "అంటే మన శ్రీనాథుడు బతికున్న రోజులమ్మా" అన్నాను.

అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్న దగ్గరా ఒక కట్ట ఉండేదే" అంది.

ఇన్నేళ్ళలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. రెండు చెక్కల మధ్య తాడుతో బిగించిన తాటాకులు, ఎర్రగుడ్డలో చుట్టి అటక మీద ఉండేవట. దసరాకి దించి, పసుపూ కుంకుమా పెట్టి, మళ్ళీ ఎక్కించేసేవారు. గంటంతో గీసిన అక్షరాలు మసి పూస్తేనే కనిపిస్తాయి. అందుకని తాతయ్య ఒకసారి మసి రుద్ది అమ్మకి చూపించాడట. అది పశువైద్యం. 1977 నవంబరులో ఉప్పెన వచ్చింది. "దివిసీమలో ప్రాణాలు దక్కినవాళ్ళం, కట్ట గురించి ఎవరు ఏడుస్తారు?" అంది.

తాటాకు మన ఉక్కకి, పురుగుకి ఎంతోకాలం ఆగదు. పాతది పాడయ్యేలోపు ఎవరో ఒకరు కొత్త ఆకుల మీదికి ఎత్తి రాస్తూ వచ్చారు కాబట్టే మన కావ్యాలు మిగిలాయి. మా కట్టని ఎవరూ ఎత్తి రాయలేదు. ఈ లైబ్రరీ గురించి నాకు అన్నిటికన్నా నచ్చేది కూడా అలాంటి సంగతే. మృత సముద్రం ఒడ్డున గుహల్లో దొరికిన పాత యూదు గ్రంథాల చుట్టల ఫోటోలు తమ దగ్గరుంటే, ఏళ్ళ తరబడి కొద్దిమంది పండితుల చేతుల్లోనే ఉన్న ఆ రాతల్ని 1991లో చదవగోరిన పరిశోధకులందరికీ తెరిచారు. దాచడం ఒక్కటే సరిపోదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తామరల కొలను దగ్గర బెంచీ మీద కూర్చున్నాక, ఆ కట్టలోది ఏమైనా గుర్తుందా అని అడిగాను. "పశువుకి పొట్ట ఉబ్బితే వాము, ఇంగువ నూరి నువ్వులనూనెలో కలిపి పట్టాలి. మా నాన్న అలాగే పట్టేవాడు" అంది. ఫోన్‌లో రాసుకున్నాను. కాసేపటికి గాలికుంటుకి ఇంకోటి చెప్పబోయి, ఆకు పేరు గుర్తురాక ఆగిపోయింది.

ఐదింటికి మూసేస్తారు. నాలుగున్నరకి అమ్మే లేచి, "ఆ గుర్రాల పుస్తకం ఇంకొక్కసారి చూసొద్దాం పద" అంది.