ఆఫీసు ఇచ్చిన తిండి యాప్‌తో నా మూడు నెలలు

నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే కొలత) 5.9 శాతం నుంచి 5.5కి దిగింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కు ముందు దశ అంటారు. పాతికేళ్లకే అక్కడ ఉన్నానని తెలిసినప్పుడు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అందుకే ఈ సంతోషం చల్లారకముందే రాసేస్తున్నా.

రక్తపరీక్ష ఆఫీసులోనే చేశారు. యాప్ వేసుకుని ఎత్తూ బరువూ నింపడం పది నిమిషాల పని.

రెండో వారంలో మొదలైంది అసలు నరకం. యాప్‌లో మా అందరినీ ఒక గ్రూపులో చేర్చారు. తిన్నదల్లా ఫొటో తీసి పెట్టాలి, ఆ తిండి మంచిదో కాదో చెప్పే రంగు దానికి వస్తుంది. ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో నేనుండే పీజీ హాస్టల్లో గోంగూర పప్పు, అన్నం, చెంచాడు నెయ్యి. యాప్ ఆ పప్పును పాలక్ పనీర్ అనుకుని ఎర్ర రంగు వేసింది. సోమవారం పొద్దున యాప్ తరఫున మా గ్రూపును చూసే కోచ్ నా కంచం ఫొటో, దాని కింద నా బరువు 71 కిలోలని వేసి, "ఆంధ్రా వాళ్లు అన్నం మానడం కష్టమే" అని రాసింది. గ్రూపులో నలభై మంది. నవ్వు బొమ్మ పెట్టినవాళ్లలో మా టీమ్ లీడ్ కూడా ఉన్నాడు. ఆ రోజు భోజనానికి కిందికి దిగలేదు. రెండు రోజులు మజ్జిగతో గడిపి, మూడో రాత్రి ఆకలికి ఆగలేక బేకరీకి వెళ్లి రెండు ఎగ్ పఫ్‌లు తిన్నా. యాప్‌లో ఎక్కించలేదు. మనిషిని సిగ్గుపరిస్తే తిండి మానడు, దాచి తింటాడు. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే "సరదాగా తీసుకోండి" అని జవాబు. నా బరువు నన్నడక్కుండా పదిమందికీ చూపించడం సరదా ఎలా అవుతుంది? గ్రూపులోంచి వచ్చేశా. యాప్ మాత్రం తీసేయలేదు.

ఆ తర్వాత చేసిన పనే నన్ను గట్టెక్కించింది. పీజీ వంటింట్లోకి వెళ్లి గరిటె కొలిచా. లీటరు సీసా నిండడానికి ఎనిమిది గరిటెలు పట్టాయి, అంటే గరిటెకు 125 మిల్లీలీటర్లు. అక్కడ వండే నెల్లూరు ఆంటీ చూసి, "ఏందిమే, గరిటె కొలస్తా ఉండావు?" అంది. విషయం చెప్పా. "ముందే చెప్పుంటే నీకు పప్పుచారు అడుగునుంచి ఏసుండేదాన్ని గదమ్మా!"

అప్పుడు అర్థమైంది. యాప్ కప్పు పప్పుచారుకు ఇంత ప్రోటీన్ అని లెక్క కడుతోంది, నేను తాగుతున్నది పైన తేరిన నీళ్లు. అన్నం తూచా, పూటకు 420 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు, అంటే అన్నానికే 550 దాకా. దాన్ని 250 గ్రాములకు తగ్గించి, అడుగు పప్పు, రెండు ఉడికించిన గుడ్లు చేర్చా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కంచంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలి. పీజీ కూరంటే బంగాళాదుంపే, కాబట్టి కీరా, క్యారెట్, బీన్స్ మడివాళ మార్కెట్లో నేనే కొనుక్కుంటున్నా. అన్నం మానలేదు, గోంగూర అసలే మానలేదు.

ఆఫీసు ఇలాంటి యాప్ ఇస్తే వాడుకోండి, మంచిదే. కానీ బరువు, ఫొటోలు ఎవరికి కనబడతాయో సెట్టింగుల్లో చూసి ముందే ఆపేయండి. నా కంచం ఫొటో ఇంకా ఆ గ్రూపులోనే ఉంది. తీసేయమని రేపు మూడో మెయిల్ పెడుతున్నా.