మధ్య బద్ద పైకి లేచింది

చెక్క బద్దల్ని పక్కపక్కన జిగురుతో అతికించి ఒకే పలకగా చేస్తున్నాను. వాటిని నొక్కిపట్టే ఆరో క్లాంపు బిగిస్తుంటే మధ్య బద్ద మెల్లగా పైకి లేచింది. జిగురు అప్పటికే చిక్కబడుతోంది, రాశాక మన చేతిలో ఉండేది పది నిమిషాలు కూడా కాదు. గుండె ఆగినంత పనైంది.

మెల్‌బోర్న్ ఇంట్లో వంటగది గట్టు కోసం టాస్మేనియన్ ఓక్ బద్దలు తెచ్చాను (పేరులో ఓక్ ఉన్నా అది యూకలిప్టసే, మన నీలగిరికి చుట్టం). క్లాంపులు ఒకటి పైన, ఒకటి కింద పెట్టాలి, అన్నీ ఒకవైపే బిగిస్తే పలక విల్లులా వంగుతుంది.

ఒక క్లాంపు కాస్త వదులు చేసి, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. దిగింది! మళ్లీ బిగించగానే అతుకు పొడవునా జిగురు సన్నటి పూసల్లా వరసగా బయటికొచ్చింది, ఎంత బావుందో.

పడుకునేలోపు రెండుసార్లు గ్యారేజీకి వెళ్లి తడిమి వచ్చాను. రేపటిదాకా క్లాంపులు విప్పను.