పుట్టినప్పుడు బాగుంది, రెండో నెలలో ఆయాసం

ఐదో నెలలో నెల్లూరులో, కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ తీస్తే, బిడ్డ గుండె కింది గదుల మధ్య గోడకు రంధ్రం కనిపించింది. దాన్ని వీఎస్‌డీ అంటారట. గుండె ఒక్కటే చూసే ఫీటల్ ఎకో చేసి, రంధ్రం పెద్దదేనని తేల్చారు. కొన్నిసార్లు ఇది డౌన్ సిండ్రోమ్ అనే జన్యు లోపంతో కలిసి వస్తుందని ఉమ్మనీటి పరీక్ష కూడా రాశారు. అది నార్మల్ అని వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఊళ్లో వాళ్లది మాత్రం ఒకటే ప్రశ్న: "గ్రహణం రోజు బయటికొచ్చిందా?" గ్రహణానికీ దీనికీ సంబంధమే లేదు. గుండె నాలుగు గదులుగా విడిపోయే పని మూడో నెలలోనే ముగుస్తుంది. ఆ గోడ అప్పుడే పూర్తిగా పూడలేదు, అంతే.

"పుట్టగానే బిడ్డ బాగానే ఉంటుంది. అది చూసి నిశ్చింతగా ఉండిపోవద్దు" అని పిల్లల గుండె డాక్టర్ ముందే చెప్పారు. రంధ్రం ఉంటే పుట్టగానే ఇబ్బంది రావాలి కదా అన్నాను. ఆయన కాగితం మీద బొమ్మ గీశారు. కడుపులో ఉన్నప్పుడు ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. ఊపిరితిత్తుల నిండా నీరే, వాటి రక్తనాళాల్లో పీడనం ఎక్కువ. పుట్టి ఊపిరి తీశాక ఆ పీడనం కొన్ని వారాలపాటు మెల్లగా దిగుతుంది. దిగేకొద్దీ ఎడమవైపు రక్తం రంధ్రంలోంచి కుడివైపుకు, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లోకి ఎక్కువగా పోతుంది. మా ఆయన అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చూసుకుంటారు. "రెండు గుంటల్లో నీళ్లు సమంగా ఉంటే మధ్య తూము తెరిచినా పారవు. ఒకదాంట్లో మట్టం దిగితేనే పారేది. అంతేగా సార్?" అన్నారు. అంతేనన్నారు డాక్టర్.

పాప నెలలు నిండాకే పుట్టింది, వెంటనే ఏడ్చింది. చేతికీ కాలికీ క్లిప్ పెట్టి ఆక్సిజన్ చూస్తే మామూలే. స్టెతస్కోప్‌కి కూడా తేడా శబ్దమేదీ వినపడలేదు. "స్కాన్‌లోనే ఏదో తప్పు చూసుంటారు" అని అత్తమ్మ సంబరపడింది.

రెండో నెల దగ్గరపడుతుండగా మొదలైంది. పాలు తాగుతుంటే నుదురు, తల తడిసిపోయేవి. నాలుగు గుక్కలు తాగి ఆగిపోవడం, రొప్పడం, అలిసి నిద్రపోవడం, కాసేపటికే మళ్లీ ఆకలికి లేవడం. కావలి ఎండల్లో చెమట పట్టనిదెవరికి అనొచ్చు గానీ, ఫ్యాన్ కింద, అదీ పాలు తాగేటప్పుడే పడుతుంటే అది వేరే చెమట. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో జలుబని సిరప్ రాశారు. దాన్ని పక్కన పెట్టి నెల్లూరు వెళ్లాం. నిద్రలో ఉన్నప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టమన్నారు. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా ఆపైన ఉంటే వేగంగా ఉన్నట్టే. డొక్కలెగరేస్తుంటే ఆ పూటే తీసుకురమ్మన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా లాసిక్స్ ఇచ్చారు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడుకుంటాయి. మా పాపది వదిలేసే సైజు కాదు, పైగా బరువు పెరగడం ఆగిపోయింది.

ఆపరేషన్ తిరుపతిలో, టీటీడీ 2021లో తెరిచిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో జరిగింది. రేషన్ కార్డు, మా ఆధార్లు, పాప బర్త్ సర్టిఫికెట్ ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లడం కలిసొచ్చింది. తీరా తేదీ ఖాయమయ్యాక పాపకు దగ్గు పట్టుకుంది. ఛాతీలో ఇన్ఫెక్షన్ ఉంటే మత్తు ఇవ్వడం ప్రమాదమని వాయిదా వేశారు. ఆ టెన్షన్ ఆపరేషన్ రోజు కూడా లేదు. గుండెను కాసేపు ఆపి, రక్తాన్ని మిషన్‌తో నడిపిస్తూ, రంధ్రానికి ప్యాచ్ వేసి కుట్టారు.

ఛాతీ ఎముక అతుక్కునేదాకా చంకల కింద చేతులేసి ఎత్తొద్దన్నారు. మెడ కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి పెట్టే ఎత్తాలి. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పలేక మా ఆయన ఒక అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి ఉయ్యాల తాడుకు కట్టారు. అత్తమ్మకు చదువు రాదు గానీ, ఎవరైనా అటు చెయ్యి చాపితే ముందు అరిచేది ఆవిడే.