తాబేలు ధమని ఎలుక లెక్కలకు లొంగదు

విదేశీ ల్యాబులో సరీసృపాల రక్తనాళాల మీద పని దొరికినవాళ్లలో ఎక్కువమంది ఎలుక ధమని మీద చేయి తిరిగి వచ్చినవాళ్లే. మొదటి నెలల్లో తప్పుదోవ పట్టించేది ఆ అలవాటే.

అసలు చిక్కు నాడులు వదిలే రసాయనం అసిటైల్‌కోలిన్ దగ్గర. ఎలుక బృహద్ధమనిలో అది వేస్తే ఎండోథీలియం (నాళం లోపలి పల్చటి కణాల పొర) నైట్రిక్ ఆక్సైడ్ వదిలి నాళం సడలుతుంది. సడలకపోతే ఆ పొర గీసుకుపోయిందని రింగును (ధమని నుంచి కోసిన గుండ్రటి ముక్కను) పారేస్తాం. తాబేలు పుపుస ధమనిని (గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే నాళాన్ని) అదే మందు బిగిస్తుంది. ఆ ధమని తీరే అంత. తాబేలు నీళ్లలో ఊపిరి బిగబట్టినప్పుడు వేగస్ నాడి ఈ రసాయనంతోనే గుండె వేగం తగ్గించి, పుపుస ధమనిని ముడుస్తుంది. జఠరిక (గుండె కింది గది) పూర్తిగా రెండుగా విడిపోలేదు కనుక ఊపిరితిత్తులకు పోవలసిన రక్తంలో కొంత మళ్లీ ఒంట్లోకే తిరుగుతుంది. అలాంటి రింగును చెత్తబుట్టలో వేస్తే ఫలితాన్నే పారేసినట్టు. 1 మైక్రోమోలార్ అట్రోపిన్ వేసి చూడండి. బిగింపు పోతే అది మస్కరినిక్ గ్రాహకాల (ఈ రసాయనం అతుక్కునే, అట్రోపిన్ అడ్డుకునే కణ భాగాల) పనే. ఎండోథీలియం బాగుందో లేదో తేల్చడానికి గ్రాహకాలతో పనిలేని కాల్షియం అయనోఫోర్ (కాల్షియంను నేరుగా కణంలోకి చేర్చే మందు) ఏ23187 మేలు. పోలికకు పక్కనే కావాలని పొర గీకేసిన రింగొకటి ఉంచుకోండి.

రెండోది బాత్ (రింగును ద్రావణంలో ఉంచే పాత్ర) అమరిక. 37 డిగ్రీలు వద్దు, జంతువు ఉన్న ఉష్ణోగ్రతే పెట్టండి. 25 డిగ్రీల దగ్గర, ద్రావణంలో 25 మిల్లీమోలార్ బైకార్బనేట్ ఉంటే, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌తో పీహెచ్ 7.35 దగ్గర ఆగుతుంది. చల్లటి ఒంట్లో రక్తం పీహెచ్ అంతకంటే ఎక్కువ. 3 శాతానికి తగ్గిస్తే 7.55 దాకా వస్తుంది. 2 మిల్లీమీటర్ల రింగు తగిలించి గంట వదిలేయండి, పావుగంటకోసారి ద్రావణం మార్చండి. ముక్క ధమనిలో ఎక్కడిదో రాసుకోవాలి. గుండె దగ్గరిదీ ఊపిరితిత్తి దగ్గరిదీ ఒకేలా స్పందించవు.

నార్‌అడ్రినలిన్‌ను 1 నానోమోలార్ నుంచి 10 మైక్రోమోలార్ దాకా పెంచుకుంటూ, నాళం ఎంత బిగుస్తుందో చూస్తూ పోతారు. ఇక్కడ తొందర పనికిరాదు. చల్లటి కండరం నెమ్మదిగా బిగుస్తుంది, బిగింపును చూపే గీత చదునయ్యాకే తర్వాతి మోతాదు. అడ్రినలిన్ వాడితే ఆల్ఫా గ్రాహకాల బిగింపూ బీటా గ్రాహకాల సడలింపూ కలిసిపోతాయి; ఆల్ఫా ఒక్కటే కావాలంటే ముందు బీటాను అడ్డుకునే ప్రొప్రనలాల్ వేయాలి. ద్రావణం గులాబీ రంగుకు తిరిగితే మందు ఆక్సీకరణ చెందింది. ఆస్కార్బిక్ ఆమ్లం కలిపి, వెలుతురు తగలకుండా, ఏ రోజుది ఆ రోజే చేసుకోండి.

నాడుల వాటా చూడాలంటే విద్యుత్ ప్రేరణ: 0.2 మిల్లీసెకన్ల పల్సులు, 2 నుంచి 20 హెర్ట్జ్. నాడి సంకేతాన్ని ఆపేసే టెట్రోడోటాక్సిన్ 1 మైక్రోమోలార్ వేశాక కూడా బిగింపు మిగిలితే, కరెంటు నాడిని దాటి నేరుగా కండరాన్నే తాకుతోందన్నమాట. వోల్టేజీ తగ్గించాలి.

మిగిలిన ముక్కల్ని స్వదేశంలోని సహచరుడికి పంపాలనిపిస్తే ఆగండి. కొండచిలువలు, మొసళ్లు అన్నీ సైటిస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాల్లో ఉన్నాయి. ఫ్రీజర్‌లోని చిన్న ధమని ముక్కైనా సరే, పర్మిట్ చేతికొచ్చాకే సరిహద్దు దాటాలి.