దూదేకులోళ్లం, టోజర్లు

ఇంగ్లండ్‌లో డెవాన్ కౌంటీలోని ఎక్సెటర్‌లో ఒక కేర్ హోమ్‌లో నాది నైట్ డ్యూటీ. బ్యాడ్జీ మీద 'దూదేకుల' చూసి మొదటి రోజే నన్ను 'డ్యూడ్' అనడం మొదలుపెట్టారు. ఇంగ్లిష్ స్పెల్లింగులో మొదటి నాలుగక్షరాలు అలా కలిసొచ్చాయి మరి.

అలా పిలిచేవాళ్లలో ముందుండే పెద్దావిడ ఇంటిపేరు టోజర్. ఒక రాత్రి మూడింటికి టీ తాగుతూ, "ఇంతకీ నీ పేరుకి అర్థమేంటి?" అంది. చేతులతోనే చూపించాను. మా తాత పాత పరుపు విప్పి, గట్టిపడిన దూదిని విల్లు నారికి తగిలించి కొడుతుంటే టంగ్ టంగ్‌మని మోత, ఇల్లంతా పింజలు, తాత కనుబొమల మీద కూడా. ఆవిడ నా చేతులకేసే చూసి, "అది మా పేరే కదా!" అంది.

నిజమే. ఉన్ని చిక్కులు తీసి విడదీయడాన్ని ఒకప్పుడు ఇంగ్లిష్‌లో 'టోజ్' అనేవారు. ఆ పని చేసేవాడు టోజర్. ఆటపట్టించడాన్ని 'టీజ్' అంటారే, అదీ దీనికి దగ్గరి చుట్టమే. మొదట్లో దానర్థం ఉన్ని చిక్కు తీయడమే. వాళ్లు అక్కడితో ఆగారు, మనం ఏకిపారేస్తాం!

ఈ ఊరు ఉన్ని బట్ట మీద బతికింది. 17, 18 శతాబ్దాల్లో ఇక్కడి సెర్జ్ అనే ఉన్ని బట్ట ఓడలెక్కి హాలండ్, స్పెయిన్ దాకా పోయేది. నేతవాళ్లూ టక్కర్లూ కలిసిన సంఘం 1471లో కట్టుకున్న టక్కర్స్ హాల్ ఫోర్ స్ట్రీట్‌లో ఇప్పటికీ ఉంది. నేసిన ఉన్ని బట్టను తడిపి, తొక్కి, బాది చిక్కబరిచేవాడు టక్కర్. అదే పనికి ఉత్తరాన వాకర్, ఆగ్నేయాన ఫుల్లర్. కాళ్లతో తొక్కుతాడు కాబట్టి వాకర్. నేనేమో నడిచేవాడనుకునేవాణ్ణి! వాకర్లు దేశమంతా కనిపిస్తారు. టోజర్లు అరుదు, ఉన్నా ఎక్కువగా ఈ డెవాన్ వాళ్లే.

ఆవిడకి తన పేరు ఎప్పుడో వందల ఏళ్ల కిందటి ముచ్చట. నాకు మొన్నటిది. నంద్యాలలో ఇంటిపేరు చెప్పగానే అవతలి వాళ్ల గొంతు కొంచెం మారేది. దానికంటే డ్యూడే నయం.

అమ్మకి ఫోన్లో ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే వాళ్లు పరుపులు కూడా కుడతారంటనా?" అంది.

ఈ రాత్రి అడగాలి.