పాత కంప్యూటర్‌కు కొత్త ర్యామ్: నా అనుభవం

ఇంట్లో కూర్చుని తెలుగు పుస్తకాలకు ప్రూఫులు దిద్దడం, పేజీలు పేర్చడం నా పని. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్110 చిప్‌సెట్ మదర్‌బోర్డు (భాగాలన్నిటినీ కలిపే ప్రధాన పలక), 1 టీబీ హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్‌తో (తెరిచి ఉన్న పనిని అప్పటికి పట్టి ఉంచే మెమరీ) 2017లో కొన్న డెస్క్‌టాప్ మీదే ఈ పనంతా నడుస్తోంది. కొన్నప్పుడు ఆ 4 జీబీ బాగానే సరిపోయింది. 2024 వచ్చేసరికి, ఒక పక్క నాలుగు వందల పేజీల స్కాన్ పీడీఎఫ్, ఇంకో పక్క పేజీలు పేర్చే ప్రోగ్రాం, వెనక బ్రౌజర్‌లో నిఘంటువు తెరిచి ఉంచితే, కొట్టిన అక్షరం తెరమీదికి రావడానికి రెండు మూడు సెకన్లు పట్టేది. ‘స్త్రీ’ అని కొడితే ముందు ‘స్’ పడి, కాసేపు ఆగి ‘స్త్’ అయి, మళ్లీ ఆగి అప్పుడు ‘స్త్రీ’ అయ్యేది. ఒత్తు పడిందో లేదో తెలియక రెండోసారి కొట్టడం, తరువాత రెండూ పడ్డాయని చెరపడం రోజూ ఉండేది. అచ్చుకు వెళ్లే పుస్తకంలో అలాంటి అదనపు ఒత్తు ఒక్కటి మిగిలిపోయినా నాకు నిద్ర పట్టదు.

తెలిసిన దుకాణదారుకు ఫోన్ చేస్తే, బోర్డు పాతది కాబట్టి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ కలిపి మార్చేయమన్నారు. ఆ ఖర్చుకు సిద్ధపడే ముందు అసలు ఇబ్బంది ఎక్కడుందో చూసుకోవాలనిపించింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, మామూలుగా చేసే పనే చేస్తూ గమనించాను. ప్రాసెసర్ వాడకం ముప్పై శాతం దాటలేదు. మెమరీ, అంటే ర్యామ్, 94 శాతం దగ్గర, డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోయాయి. ర్యామ్‌లో చోటు చాలనప్పుడు విండోస్ అందులోని కొంత సమాచారాన్ని హార్డ్ డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి దించి, అవసరమైనప్పుడు మళ్లీ పైకి తెచ్చుకుంటుంది. ర్యామ్ నుంచి ఒక ముక్క తీసుకోవడానికి సుమారు వంద నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్ డిస్క్ నుంచి తీసుకోవడానికి దాదాపు పది మిల్లీసెకన్లు, అంటే లక్ష రెట్ల సమయం పడుతుంది. నా ‘స్త్రీ’ మధ్యలో ఆగిపోతున్నది అక్కడే. ప్రాసెసర్ ఖాళీగానే ఉన్నప్పుడు దాన్ని మార్చి ప్రయోజనం లేదని నిశ్చయించుకున్నాను.

ఇక ఏ రకం ర్యామ్ కొనాలన్నది తేల్చుకోవలసి వచ్చింది. డీడీఆర్3, దాని తరువాత వచ్చిన డీడీఆర్4 అని ర్యామ్‌లో రకాలున్నాయి. ఆరో తరం ఐ3 డీడీఆర్4తోనూ పనిచేస్తుంది, తక్కువ వోల్టేజీ డీడీఆర్3తోనూ పనిచేస్తుంది. హెచ్110 బోర్డులు కూడా రెండు రకాలవీ వచ్చాయి. అందువల్ల ప్రాసెసర్ పేరు చూసి రకాన్ని చెప్పడం కుదరదు. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూస్తే డీడీఆర్4 అని తేలింది కానీ, వేగం దగ్గర 1066 అని కనిపించి కంగారు పడ్డాను. ఒక్కొక్క గడియార స్పందనకు రెండుసార్లు సమాచారం పంపడమే డీడీఆర్ పద్ధతి కాబట్టి, దాన్ని రెట్టింపు చేసి సుమారుగా 2133 అని చదువుకోవాలని తరువాత అర్థమైంది. టాస్క్ మేనేజర్‌లో, ర్యామ్ గుచ్చే రెండు స్లాట్లలో ఒకటి ఖాళీగా ఉన్నట్టు కూడా చూపించింది.

అయినా నమ్మకం చాలక, కరెంటు తీసి క్యాబినెట్ తెరిచి పాత ర్యామ్ స్టిక్ (చిప్పులున్న సన్నని పట్టీ) బయటికి తీశాను. దాన్ని కాగితపు కవరులో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడ మొదట అడుగుపెట్టిన దుకాణంలో కౌంటర్ దగ్గరున్న అబ్బాయి, “పాత ర్యామ్ తెచ్చారా సార్?” అని అడిగి, దాన్ని కొత్త స్టిక్ పక్కన ఆనించి, అంచులో ఉన్న గాటు రెండింటికీ ఒకే చోట ఉందని చూపించాడు. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288 పిన్నులు. వాటి గాటు కూడా వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి కూర్చోదు. 2666 వేగం గల 8 జీబీ స్టిక్ రూ. 1,750కి తీసుకున్నాను. నా ప్రాసెసర్ దాన్ని 2133 దగ్గరే నడుపుతుందని ఆ అబ్బాయి ముందే చెప్పాడు. ఆ మాట అమ్మకానికి ముందే చెప్పడం నాకెంతో నచ్చింది.

ఇంటికి వచ్చాక ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి ఉంచి మిగిలిన కరెంటు పోనిచ్చి, క్యాబినెట్ ఇనుపరేకును చేత్తో తాకి, ఆ తరువాతే స్టిక్‌లు పట్టుకున్నాను. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు తెలియకుండానే చిప్పులను పాడుచేయగలదు. స్లాట్లలో దుమ్మును మెత్తని బ్రష్‌తో దులిపి, పాత స్టిక్ పిన్నులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రెండింటినీ పెట్టి ఆన్ చేశాను. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’ అని వచ్చింది. కొత్త ర్యామ్ పెట్టిన తొలిసారి బోర్డు దాన్ని సరిచూసుకోవడానికి కొంత సమయం తీసుకుంటుందని విని ఉన్నందున అయిదు నిమిషాలు ఆగాను. మార్పు లేదు. దగ్గర ఉన్న మూడు పుస్తకాల పని అందులోనే ఉండడంతో చేతులు వణికాయి.

మళ్లీ ప్లగ్ తీసి టార్చి వేసి చూస్తే, కొత్త స్టిక్ ఒక చివర క్లిప్పు మూసుకుని ఉంది, రెండో చివర మాత్రం క్లిప్పుకూ స్టిక్‌కూ మధ్య గోరు పట్టేంత సందు ఉంది. మొదటి ‘టక్’ శబ్దం వినగానే పూర్తయిందనుకున్నాను. బోర్డు వంగుతుందేమోనన్న భయంతో నేను సరిపడా నొక్కలేదు. ఈసారి రెండు బొటనవేళ్లూ రెండు చివర్ల మీద పెట్టి, నిటారుగా, సమంగా నొక్కితే రెండో ‘టక్’ వినిపించింది. ఆన్ చేయగానే తెర వెలిగి, 12 జీబీ చూపించింది.

4, 8 కలిపి పెట్టడం తప్పని కొందరంటారు. ఇంటెల్ బోర్డులు అటువంటప్పుడు రెండు వైపుల నుంచీ నాలుగేసి జీబీలను జంటగా, అంటే రెండింటినీ ఒకేసారి వాడుకుంటూ వేగంగా, మిగిలిన 4 జీబీని ఒంటరిగా నడుపుతాయి. రెండు 8 జీబీలు ఇంకా మేలన్నది నిజమే కానీ, నా పనికి ఆ తేడా కోసం బాగున్న స్టిక్‌ను పక్కన పడేయాలనిపించలేదు. ఆ రాత్రి పెన్‌డ్రైవ్ నుంచి, ర్యామ్‌లో లోపాలున్నాయేమో పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాం నడిపాను. ఉచిత రకం నాలుగు విడతల దాకా పరీక్షిస్తుంది. తెల్లవారి లేచి చూస్తే తప్పులు సున్నా.

ఇప్పుడు అదే పీడీఎఫ్, అదే ప్రోగ్రాం, అదే నిఘంటువు తెరిస్తే మెమరీ 6 జీబీ దగ్గర ఉంటోంది, డిస్క్ లైటు ఎప్పుడో ఒకసారి వెలుగుతోంది, ‘స్త్రీ’ ఒక్కసారిగా పడుతోంది. పొద్దున కంప్యూటర్ తెరుచుకోవడానికి మాత్రం రెండు నిమిషాలు పడుతూనే ఉంది. అది హార్డ్ డిస్క్ సంగతి కాబట్టి, దాని బదులు వాడే, తిరిగే భాగాలు లేని వేగమైన ఎస్‌ఎస్‌డీ కోసం డబ్బు పక్కన పెడుతున్నాను. స్టిక్‌ల రకం, వేగం, ఏది ఏ స్లాట్‌లో ఉందో, ఏ రోజున పెట్టానో ఒక చీటీ మీద రాసి, దుకాణం బిల్లుతో కలిపి క్యాబినెట్ తలుపు లోపలివైపు అంటించాను.