జగ్గు మీదకు పూసల మూత అల్లడం: నా అనుభవం

పూసల అంచున్న జగ్గు మూత చూడ్డానికి చిన్న పని. జానెడు లేని గుండ్రం, చుట్టూ వేలాడే గాజుపూసలు, అంతే. మామిడిపళ్ళ రోజుల్లో ఈగలు ముసిరే మా డెల్టా ఇళ్ళల్లో మజ్జిగ చెంబు మీదో మంచినీళ్ళ జగ్గు మీదో ఇది వేస్తే గాలి ఆడుతుంది, ఈగ వాలదు. అయినా నాకు మూడోసారికి గానీ కుదరలేదు. మొదటిది గిన్నెలా ముడుచుకుంది. రెండోది ఫ్యాను వెయ్యగానే లేచిపోయింది. మొదటి తప్పు లెక్కలో జరిగింది, రెండోది బరువులో.

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు లేసు అల్లిక కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది. ఇప్పుడు నరసాపురం క్రోషే (కొక్కెం సూదితో అల్లే) లేసుకు 2024లో వచ్చిన జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకు అన్న గుర్తింపు, కూడా ఉంది. అక్కడ పని పంచుకుని చేస్తారు. పువ్వులు ఒకరు అల్లితే వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. జగ్గు మూతకి అతుకుపని లేదు, నడిమి నుంచి అంచు దాకా ఒకే ముక్క. అందుకే ఇంట్లో మొదలుపెట్టేవాళ్ళకి ఇదే మంచిదని నా అభిప్రాయం.

ముందు సామాను. నూలు 20 నంబరు మెర్సరైజ్డ్ కాటన్ (మెరుపు వచ్చేలా శుద్ధి చేసిన నూలు), తెలుపు గానీ గోధుమ రంగు గానీ. సూది కొసన కొక్కెం ఉన్న 1.25 మిల్లీమీటర్ల స్టీలుది. స్టీలు సూదుల మీద వట్టి నంబరే ఉంటే ఒకటి గుర్తుంచుకోండి: నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. నంబరు కంపెనీని బట్టి మారుతుంది కూడా, అందుకని మిల్లీమీటర్లు చూసి కొనడమే క్షేమం. ఒక మూతకి ఐదారు గ్రాముల నూలు చాలు. పూసలు: 6 మిల్లీమీటర్ల గాజుపూసలు 36, వాటికి అటూ ఇటూ ఉండటానికి 3 మిల్లీమీటర్ల చిన్న పూసలు 72. ఒక్కో రకం పది ఎక్కువే కొనండి. బెజ్జం పూడుకుపోయినవీ అంచు పగిలినవీ ప్రతి పొట్లంలోనూ కొన్ని వస్తాయి. పగిలిన అంచు దారాన్ని బ్లేడులా కోసేస్తుంది.

పూసలు గాజువే కావాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. 6 మిల్లీమీటర్ల గాజుపూస ఒక్కోటి పావు గ్రాము పైమాటే. మొత్తం అంచు కలిపితే పదీ పన్నెండు గ్రాములు, అంటే మూత నూలు బరువుకి రెట్టింపు. ఆ బరువే అంచుని కిందికి లాగి జగ్గుకి పట్టి ఉంచుతుంది. అదే సైజు ప్లాస్టిక్ పూస అందులో సగం కూడా తూగదు. నా రెండో మూత ఎగిరిపోయింది అందుకే. పైగా ప్లాస్టిక్ ముత్యాల పై పొర నాలుగు ఉతుకులకే పెచ్చులుగా లేచిపోతుంది.

రంగు పూసలైతే అల్లేముందే పరీక్షించండి. నాలుగు పూసలు వేడి సబ్బునీళ్ళలో వేసి, రాత్రంతా ఉంచి, తెల్లగుడ్డ మీద రుద్దితే రంగు అంటేవి ఏవో తెల్లారేసరికి తెలిసిపోతుంది.

ఇక అల్లిక. నేను డబుల్ క్రోషే అంటున్నది అమెరికా లెక్కలో డబుల్. సూదికి దారం ఒకసారి చుట్టి, కుట్టులోకి గుచ్చి దారం లాగితే సూది మీద మూడు లూపులుంటాయి. వాటిని రెండేసి చొప్పున రెండుసార్లు విడిపించాలి. ఇదే కుట్టుని బ్రిటిష్ లెక్కలో ట్రెబుల్ అంటారు. పాత డిజైను కాగితాలు చూసి అల్లేటప్పుడు ఎవరి లెక్కో తెలుసుకోకపోతే మూత సగం సైజుకే ఆగిపోతుంది.

ఆరు చైనులు (సూది మీదున్న లూపులోంచి దారం లాగితే ఒక చైను) వేసి, మొదటి చైనులోకి స్లిప్ స్టిచ్ (గుచ్చి లాగిన దారాన్ని సూది మీది లూపులోంచి కూడా లాగేసే కుట్టు) వేసి ఉంగరంలా కలపాలి. ఒకటో వరసకి మూడు చైనులు వేసి (ఇది ఒక డబుల్ కింద లెక్క), ఉంగరంలోకి ఇంకో 11 డబుల్స్ వేస్తే మొత్తం 12. రెండో వరసలో ప్రతి కుట్టులోనూ రెండేసి, 24. మూడో వరసలో ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు, 36. అక్కడి నుంచి ఎనిమిదో వరస దాకా ప్రతి వరసకీ పన్నెండు పెరగాలి: 48, 60, 72, 84, 96. పన్నెండే ఎందుకంటే, ఈ నూలుకి డబుల్ కుట్టు ఎత్తు దాని వెడల్పుకి సుమారు రెట్టింపు వస్తుంది. ఒక్కో వరసకి చుట్టుకొలత పన్నెండు కుట్ల వెడల్పు పెరిగితేనే గుండ్రం బల్లపరుపుగా కూర్చుంటుంది. తగ్గితే గిన్నె అవుతుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పోతుంది.

నా మొదటి మూతని చూసి, లేసు అల్లే పక్కింటి పిన్నిగారు "గిన్నె అల్లుతున్నావేంటమ్మా?" అన్నారు. లెక్కపెడితే ఐదో వరసలో 60 ఉండాల్సింది 57 ఉన్నాయి. తప్పు ఎప్పుడూ వరస కలిపేచోటే జరుగుతుంది. మొదట వేసిన మూడు చైనులు కూడా ఒక కుట్టే అని మరిచిపోయి, పై వరసలో దాని నెత్తిన కుట్టు వెయ్యకుండా దాటేస్తాం. అలా వరసకి ఒకటి చొప్పున పోతుంది. మందు తేలిక: ఆ మూడు చైనుల్లో పైదానికి ఎర్రదారం ముక్క కట్టి, ప్రతి వరసకీ పైకి జరుపుకుంటూ పోవడం. లెక్క సరిపోయినా గిన్నె అవుతుంటే చెయ్యి బిగువు. సూది 1.5కి మార్చి చూడండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. పెంచే కుట్లు ప్రతి వరసలోనూ ఒకదాని నెత్తిన ఒకటి పడితే గుండ్రం కాస్తా పన్నెండు మూలల పలక అవుతుంది. ఒక వరసలో పెంపు ముందు వేస్తే, పై వరసలో సగం దూరం నడిచాక వెయ్యాలి. ఉదాహరణకి ఏడో వరసలో రెండు వేసి ఐదు ఒంటి కుట్లు వేశారనుకోండి, ఎనిమిదో వరసలో మూడు ఒంటివి, ఒక జంట, మళ్ళీ మూడు ఒంటివి. మొత్తంలో తేడా రాదు, మూలలు మాత్రం మాయమవుతాయి.

ఎనిమిది వరసలకి గుండ్రం అడ్డకొలత సుమారు 8 సెంటీమీటర్లు వస్తుంది. తొమ్మిదో వరస నుంచి గళ్ళు. డబుల్ వేసి, ఒక చైను వేసి, కింద ఒక కుట్టు వదిలి మళ్ళీ డబుల్. ఇలా 48 గళ్ళు రావాలి, కానీ మనకి 54 కావాలి. అందుకని ఎనిమిది డబుల్స్‌కి ఒకచోట, ఒకే కుట్టులో డబుల్, చైను, డబుల్ వెయ్యాలి. పదో వరసలో మధ్యలో ఒక్కో చైనుతో డబుల్ నెత్తిన డబుల్ వేస్తూ ప్రతి తొమ్మిదో దాంట్లో అలాంటి జంటే (డబుల్, చైను, డబుల్), 60. పదకొండులో ప్రతి పదో దాంట్లో, 66. పన్నెండులో ప్రతి పదకొండో దాంట్లో, 72. వరస మొదలుపెట్టేటప్పుడు నాలుగు చైనులు వెయ్యాలి, మూడు డబుల్‌కి, ఒకటి గడికి. గడి వెడల్పు మూడు మిల్లీమీటర్లలోపే ఉంటుంది, ఈగ దూరదు. కొందరు నడిమి నుంచే పెద్ద పెద్ద వల అల్లేస్తారు. అందంగానే ఉంటుంది గానీ ఈగ దర్జాగా లోపలికి పోయి పాలల్లో ఈదుతుంది.

పదమూడో వరస నుంచి వేలాడే అంచు. ఐదు చైనులు వేసి, ఒక డబుల్ వదిలి దాని తర్వాతి డబుల్ మీద సింగిల్ (సూదికి దారం చుట్టకుండా గుచ్చి లాగి, రెండు లూపుల్నీ ఒకేసారి విడిపించే కుట్టు) వెయ్యాలి, మొత్తం 36 లూపులు. చివరి లూపుకి ఐదు చైనుల బదులు రెండు చైనులు వేసి, వరస మొదటి కుట్టులో ఒక డబుల్ వేస్తే సూది లూపు నడుమకే వచ్చి ఆగుతుంది. పై వరసకి దారం తెంపక్కర్లేదు. పద్నాలుగులో ఆరు చైనుల లూపులు (చివరిది మూడు చైనులు, ఒక డబుల్), పదిహేనులో ఏడు చైనులవి. సింగిల్ ప్రతిసారీ కింది లూపు నడుమ పడాలి. ఇక్కడ లూపుల సంఖ్య పెంచం. అంచు కాస్త లోపలికి వంగి జగ్గుని పట్టుకోవడమే కావాలి. పదిహేనో వరస చివర ఏడు చైనులూ వేసి, మొదటి సింగిల్‌లో స్లిప్ స్టిచ్ వేసి దారం తెంపేయండి.

తెంపమనడానికి కారణం పూసలు. పూసలు ఎక్కించేది ఉండ వైపున్న కొసకే, సూది మీదున్న వైపు ఎక్కించలేం. మొదట్లోనే ఎక్కించుకుని పదిహేను వరసలూ వాటిని జరుపుకుంటూ కూర్చుంటే దారం ఒరుసుకుని నూగు లేస్తుంది. చివరి వరసకి నాలుగు మీటర్ల దారం పడుతుంది. దాని మీదే ఎక్కించుకోవాలి.

కొసకి రెండంగుళాల మేర ఫెవికాల్ రాసి, వేళ్ళతో మెలిపెట్టి ఆరనిస్తే దారమే సూదిలా నిలబడుతుంది. కొసని ఏటవాలుగా కత్తిరించండి. పూసల సూది వాడితే బెజ్జంలో దారం రెండు పేటలవుతుంది. 6 మిల్లీమీటర్ల పూస దూరుతుంది గానీ చిన్నపూస దగ్గర మొరాయిస్తుంది. చిన్నది, పెద్దది, చిన్నది, మళ్ళీ చిన్నది, పెద్దది, చిన్నది. ఇదే వరసలో 108 ఎక్కించాలి. మూడేసి చొప్పున లెక్కపెట్టుకుంటూ ఎక్కించకపోతే ఎక్కడో ఒకచోట రెండు పెద్దవి పక్కపక్కన పడతాయి. అది అల్లేటప్పుడు గానీ కనపడదు. అప్పుడు తప్పు పూసని పట్టకారుతో పగలగొట్టడం ఒక దారి (దారానికి తగలకుండా, కళ్ళకి గుడ్డ అడ్డం పెట్టుకుని). నేనైతే దారం తెంపి మళ్ళీ మొదలుపెట్టడమే మేలంటాను.

ఈ దారాన్ని ఏదో ఒక లూపు నడుమ సింగిల్‌తో కలపాలి. నాలుగు చైనులు వెయ్యండి. మూడు పూసల్ని సూది దాకా జరిపి, వాటి అవతలి దారాన్ని పట్టుకుని గట్టిగా ఒక చైను లాగండి. ఇప్పుడు పూసలు అడ్డంగా పడుకుని ఉంటాయి. పూసలకి ముందున్న చైనులోకి సూది గుచ్చి స్లిప్ స్టిచ్ వెయ్యగానే మూడూ ముడుచుకుని, పెద్దపూస కిందికి వచ్చి బుట్టలా వేలాడుతుంది. మళ్ళీ నాలుగు చైనులు, పక్క లూపు నడుమ సింగిల్. ఇలా 36 సార్లు. లాగిన చైను వదులైతే పూసల మధ్య దారం కనపడుతూ వెక్కిరిస్తుంది. బిగువంతా ఆ ఒక్క చైనులోనే చూపించాలి, మిగతావి మామూలుగానే.

కొసలు ముడి వెయ్యొద్దు. మెర్సరైజ్డ్ దారం నున్నగా ఉంటుంది, ముడి జారిపోతుంది. మామూలు సూదికి ఎక్కించి, కుట్ల వెనక నుంచి రెండంగుళాలు ఒకవైపు, ఒక అంగుళం వెనక్కి తిప్పి కుట్టి కత్తిరించాలి.

అల్లడం అయ్యాక మూత నలిగిన కాగితంలా ఉంటుంది, కంగారు పడొద్దు. గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బుపొడితో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదమాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి. సబ్బు సరిగా వదలక తెల్లనూలు మీద బూడిదరంగు పొరలా మిగులుతుంది. ఆఖరి జాడింపుకి తాగే నీళ్ళే వాడండి. తర్వాత థర్మోకోల్ షీటు మీద 15 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న గుండ్రం పెన్సిలుతో గీసి (పెన్ను సిరా తడికి నూలులోకి పాకుతుంది), కోణమానినితో 30 డిగ్రీలకి ఒక గీత చొప్పున పన్నెండు గీతలు గీయాలి. గీతకీ గీతకీ మధ్య మూడేసి పూసల గుత్తులు వచ్చేలా పిన్నులు గుచ్చితే అంచు సమంగా వస్తుంది. పిన్నులు తుప్పు పట్టనివే కావాలి. వానాకాలంలో ఇక్కడ ఆరడానికి రెండు రోజులు పడుతుంది, ఆలోగా మామూలు పిన్ను చుట్టూ ఎర్రమరక దిగిపోతుంది. దిగితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి జాడించాలి, పూసలకి మాత్రం తగలనివ్వొద్దు.

గంజి పెట్టాలా అని చాలామంది అడుగుతారు. బల్ల మీద పరిచే లేసుకైతే సగ్గుబియ్యం గంజి పెట్టొచ్చు, పల్చగా, తెల్లమరక లేకుండా నిలబడుతుంది. జగ్గు మూతకి మాత్రం వద్దు. అంచు బిర్రబిగిస్తే పూసలు కిందికి వేలాడవు, గంజికి చీమలు కూడా వస్తాయి.

ఈ లెక్క 9–10 సెంటీమీటర్ల మూతి ఉన్న జగ్గుకి. పాలగిన్నె మూతి 12–13 సెంటీమీటర్లుంటే గళ్ళ వరసలు ఇంకో మూడు అల్లండి. వరసకి ఆరు గళ్ళు చొప్పున 78, 84, 90 అవుతాయి. 90 గళ్ళకి 45 లూపులు, అంటే పెద్దపూసలు 45, చిన్నవి 90.